పరంజా కట్టేవాడి హుక్కు దేనికి తగిలించాలి?

(విశాఖపట్నంలో సైట్ ఇంజనీర్లు, చిన్న కాంట్రాక్టర్లు, మేస్త్రీలు కలిసిన సభలో, నిర్మాణ భద్రతా అధికారిగా పనిచేసి రిటైరైన వక్త చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. మేస్త్రీలు ముందు కూర్చోండి. ఇది మీ పని గురించి మాట. మీరు గుమ్మం దగ్గర నిలబడి వింటే ఎలా?

పరంజా ప్రమాణాల్లో వచ్చిన మార్పుల గురించి చెప్పమన్నారు. మనం పరంజా అంటాం, తెలంగాణ నుంచి వచ్చిన తమ్ముళ్లు గోవ అంటారు, సైట్లో అందరం స్కాఫోల్డింగ్ అనేస్తాం. ఏ పేరైనా సరే. కోడ్ నంబర్లు వరసగా చదువుకుంటూ పోతే సాయంత్రమైపోతుంది, ఇంటికెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్క ప్రశ్న అడుగుతాను, దాన్నే పట్టుకుని నడుద్దాం. పరంజా మీదకి అందరికంటే ముందు ఎక్కేది ఎవరు?

తాపీ మేస్త్రి అంటారా? కాదు. పెయింటరా? కాదు. కట్టేవాడు. మరి అందరికంటే చివర దిగేది ఎవరు? మళ్లీ వాడే. విప్పేవాడు. అతను ఎక్కేటప్పటికి పలకల్లేవు, రెయిలింగ్ లేదు, నెట్ లేదు. అవన్నీ అతనే పెట్టాలి. దిగేటప్పుడూ అవి ఉండవు. అతనే విప్పాడు కాబట్టి ఉండవు.

నా కళ్ల ముందు జరిగిన సంగతి చెబుతాను. ముప్పై ఏళ్ల కిందటి మాట. ఒక అపార్ట్‌మెంటు పని, ప్లాస్టరింగ్ అయిపోయి పరంజా విప్పుతున్నారు. కంపెనీ పేరు, ఊరి పేరు ఇక్కడ అనవసరం. నాలుగో వరస మీద, అంటే పరంజా నాలుగో అంతస్తు మీద, ఒక కుర్రాడు, ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. బెల్టు పెట్టుకున్నాడు. బెల్టు లేకపోతే నేను పైకి ఎక్కనివ్వనని అతనికి తెలుసు. స్పానర్‌తో క్లాంపు వదులు చేసి పైపు లాగాడు. పైపు ఒక్కసారిగా ఊడొచ్చింది. ఆ ఊపుకి పైపుతోపాటే వెనక్కి పడిపోయాడు. నేను పరుగెత్తుకెళ్లి చూశాను. బెల్టు నడుముకి బిగించే ఉంది. తాడు ఉంది. తాడు చివర హుక్కు ఉంది. ఆ హుక్కు అతని బెల్టు రింగుకే తగిలించి ఉంది.

అర్థమైందా? హుక్కు తన బెల్టుకే తగిలించుకున్నాడు. ప్రాణం దక్కింది గాని, మళ్లీ నడవలేదు.

చాలా రోజులు నాకు ఆ కుర్రాడి మీద కోపం పోలేదు. బెల్టు పెట్టుకుని కూడా ఎందుకలా చేశావురా అని. ఆ తర్వాత ఇంకో బిల్డింగ్ విప్పుతున్నప్పుడు నేనే ఎక్కాను. అతను నిలబడ్డలాంటి చోటే నిలబడ్డాను. తల పైన ఏమీ లేదు. పై వరస విప్పేశారు, రెయిలింగ్ విప్పేశారు. నడుము ఎత్తులో పట్టుకోవడానికి గాలి తప్ప ఇంకేం లేదు. హుక్కు దేనికి తగిలించాలి? ఇప్పుడు విప్పబోయే పైపుకా? నేను బెల్టు పెట్టుకో అన్నాను. హుక్కు ఎక్కడ వెయ్యాలో చెప్పానా? చెప్పలేదు. నాకే తెలీదు. ఆ రోజు నుంచి ఏ కోడ్ చేతికి వచ్చినా నేను ముందు వెతికేది ఇదే. కట్టేవాడి గురించి ఇందులో ఏం రాశారు?

మన దేశం కోడ్‌లు మీలో చాలామందికి తెలుసు. ఉక్కు పైపుల పరంజాకి ఐఎస్ 4014, ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం, అది 1967లో వచ్చింది. పరంజాలకీ నిచ్చెనలకీ కలిపి ఐఎస్ 3696. అందులో పరంజాల భాగం 1987 నాటిది, నిచ్చెనల భాగం 1991 నాటిది. మంచి కోడ్‌లే, నేను తప్పు పట్టను. పైపు ఎలా ఉండాలి, ఎంత దూరానికి నిలబెట్టాలి, పలక ఎంత మందం ఉండాలి, అన్నీ ఉన్నాయి. ఆ తరం కోడ్‌లు, మనవైనా బయటి దేశాలవైనా, ముఖ్యంగా అడిగింది ఒక్కటే. ఇది నిలబడుతుందా? కట్టడం పూర్తయ్యాక దాని మీద ఎక్కినవాడికి భద్రమేనా?

అది అడగాల్సిన ప్రశ్నే. దాన్ని అడగని చోట ఏమైందో చూడండి. 1978 ఏప్రిల్ 27, అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, విల్లో ఐలాండ్. కరెంటు ప్లాంటు కూలింగ్ టవర్ కడుతున్నారు. మన పరవాడ దగ్గర సింహాద్రి టవర్లు చూసినవాళ్లకి ఆ ఆకారం తెలుసు. అక్కడ పరంజా నేల నుంచి లేవలేదు. టవర్ గోడనే పట్టుకుని, గోడతోపాటే పైకి జరుగుతూ వెళ్తుంది. అంటే నిన్న పోసిన కాంక్రీటు మీద ఈ రోజు పరంజా వేలాడుతుంది. ఆ రోజు పొద్దున పైన కాంక్రీటు ఎత్తుతుండగా, ముందు రోజు పోసిన వరస విడిపోయింది. దాంతో పరంజా మొత్తం టవర్ చుట్టూ తొక్క ఒలిచినట్టు ఊడి కిందపడింది. 51 మంది చనిపోయారు. విచారణలో తేలింది ఏమిటి? ముందు రోజు కాంక్రీటుకి ఆ బరువు మోసేంత బలం ఇంకా రాలేదు. పరంజా బలం దాని పైపుల్లో ఒక్కటే ఉండదు, అది పట్టుకున్న గోడలో కూడా ఉంటుంది.

ఇక్కడ సైట్ ఇంజనీర్లకి ఒక మాట. ప్లాస్టరింగ్ వాళ్లు వచ్చి, "సార్, ఈ టై అడ్డం వస్తోంది, తీసేస్తాం, మళ్లీ పెడతాం" అంటారు. టై అంటే పరంజాని గోడకి పట్టి ఉంచే కట్టు. మీరు సరే అంటారు. మళ్లీ పెట్టారా? ఎవరైనా చూశారా? పైగా చుట్టూ గ్రీన్ నెట్ కట్టేస్తాం. దుమ్ము పడకూడదని, పక్కింటివాళ్లు గొడవ చేయకూడదని. నెట్ కట్టిన పరంజా పడవకి తెరచాప కట్టినట్టే. ఊరికే ఉన్న పైపుల మధ్య నుంచి గాలి వెళ్లిపోతుంది, నెట్ ఉంటే దాని మీద ఆగుతుంది. నెట్ కడితే టైలు పెంచాలి. మనం ఏం చేస్తున్నాం? నెట్ కట్టి టైలు తగ్గిస్తున్నాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊళ్లో ఏం చేసిందో చూసినవాళ్లం కదా మనం. ఆ గాలి గురించి మీకు నేను కొత్తగా చెప్పాలా?

నెట్ మాట వచ్చింది కాబట్టి హాంకాంగ్ గురించి కూడా చెబుతాను. 2025 నవంబర్ 26న తాయ్ పో అనే చోట, మరమ్మతులు జరుగుతున్న 31 అంతస్తుల నివాస భవనాలకి నిప్పంటుకుంది. 8 బ్లాకుల్లో 7 కాలిపోయాయి, 150 మందికి పైగా చనిపోయారు. చుట్టూ వెదురు పరంజా, దాని మీద నెట్, కిటికీలకి ఫోమ్ షీట్లు. వెంటనే అందరూ వెదురు మీద పడ్డారు. వెదురు గురించి అక్కడ చర్చ ముందు నుంచే ఉంది. అదే ఏడాది మార్చిలోనే కొత్త ప్రభుత్వ భవనాల పనుల్లో కనీసం సగం కాంట్రాక్టులకి లోహపు పరంజా వాడాలని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కానీ మంట తర్వాత నెట్ ముక్కలు పరీక్షిస్తే, కొన్ని నిప్పుకి తట్టుకునే ప్రమాణంలో ఫెయిలయ్యాయి. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతాను. మీ సైట్లో నెట్ కొన్నప్పుడు ఎవరైనా సర్టిఫికెట్ అడిగారా? రేటు అడిగాం, రంగు అడిగాం. అంతే కదా? ఒక్క చదరపు అడుగు ముక్క కోసి, సైట్ బయట ఇసుక మీద పెట్టి అగ్గిపుల్ల గీసి చూడండి. అది ల్యాబు పరీక్షకి బదులు కాదు. కానీ చుక్కలు చుక్కలుగా కరిగి మండుతూ పడితే, ఆ నెట్ కట్టకూడదని తెలిసిపోతుంది.

సరే, మళ్లీ మన ప్రశ్నకి వద్దాం. కట్టేవాడు.

అమెరికాలో పరంజా నియమాలని 1996లో పూర్తిగా తిరగరాశారు. ఆగస్టు 30న ప్రకటించారు, నవంబర్ 29 నుంచి అమలు. పరంజా తన సొంత బరువుతోపాటు, వెయ్యబోయే బరువుకి నాలుగింతలు మోయాలన్నారు. 10 అడుగులు దాటితే పడకుండా రక్షణ ఉండాలన్నారు. ఇవన్నీ సరే. వాటి మధ్యలో ఒక చిన్న వాక్యం ఉంది. 1997 సెప్టెంబర్ 2 నుంచి, పరంజా కట్టేవాళ్లకీ విప్పేవాళ్లకీ కూడా పడకుండా రక్షణ ఇవ్వడం వీలవుతుందా లేదా అని అర్హత ఉన్న మనిషి చూసి తేల్చాలి. అంతకుముందు అందరి అభిప్రాయం ఏమిటి? కట్టేవాడికి రక్షణ ఎలా కుదురుతుంది, కట్టేదే వాడు కదా అని. ఆ వాక్యం "కుదురుతుందో లేదో ముందు చూడు" అంది. తప్పనిసరి అనలేదు, చూడు అంది. నాకు అది చదివినప్పుడు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు.

బ్రిటన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2005 ఏప్రిల్ 6 నుంచి ఎత్తులో పనికి కొత్త చట్టం వచ్చింది. 2 మీటర్లు దాటితేనే ఎత్తు అనే పాత గీత తీసేశారు. ఎంత ఎత్తైనా, పడితే దెబ్బ తగిలే చోటైతే చాలు. పై రెయిలు కనీసం 950 మిల్లీమీటర్లు ఉండాలి, రెయిళ్ల మధ్య సందు 470 దాటకూడదు. మనిషి ఆ సందులోంచి జారిపోకూడదని ఆ లెక్క. 2 మీటర్లు, ఆ పైనుంచి పడే వీలున్న పరంజాని కట్టగానే తనిఖీ చెయ్యాలి, ఆ తర్వాత 7 రోజులు దాటకుండా మళ్లీ మళ్లీ చెయ్యాలి, గాలివాన వస్తే వెంటనే చెయ్యాలి. గల్ఫ్ రిఫైనరీల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే సగం మంది. నిచ్చెన దగ్గర, తనిఖీ అయింది ఎక్కొచ్చు అని చెప్పే ఆకుపచ్చ ట్యాగు ఉంటేనే ఎక్కుతారు, ఎర్ర ట్యాగు ఉంటే ఫోర్‌మన్ చెప్పినా ఎక్కరు. అవునా? మరి అదే మీరు ఊరికొచ్చి ఇక్కడి సైట్లో ట్యాగు అడగరెందుకు? మీకు తెలీక కాదు. అడిగితే రేపటి నుంచి రావద్దంటారని. ఆ భయం మీ తప్పు కాదు. దాన్ని తియ్యాల్సింది ఇక్కడ కూర్చున్న కాంట్రాక్టర్లు.

అసలు విషయం ఇంకా ఉంది. బ్రిటన్‌లో పరంజా కంపెనీల సమాఖ్య ఎస్‌జీ4 అనే మార్గదర్శకం వేస్తుంది. పరంజా కట్టేవాడు పడకుండా పని ఎలా చెయ్యాలో చెప్పడానికే ఆ పుస్తకం. కట్టేవాడి కోసం ఒక పుస్తకం! అంతకుముందు కింద వరసలో పలకలు పరిచి, పైన రెయిలింగ్ లేకుండానే, బెల్టు తగిలించుకుని ముందుకు కట్టుకుంటూ పోయే పద్ధతి ఉండేది. 2010 నాటి కూర్పు ఆ పద్ధతి ఇక పనికిరాదంది. బెల్టు మీద మొత్తం భారం వెయ్యకండి, కట్టేవాడు పై వరసలోకి అడుగుపెట్టేసరికే అక్కడ రెయిలు ఉండాలి అంది.

ఇదెలా సాధ్యం? మనిషి ఎక్కకుండా రెయిలు ఎవరు పెడతారు? వినండి, ఇదేం మంత్రం కాదు. కింది వరసలో, రెయిలింగ్ ఉన్నచోట నిలబడతాడు. పొడుగు కాళ్లున్న రెయిలు ఫ్రేమ్‌ని కింద నుంచే పైకి ఎత్తి, నిలువు పైపులకి తగిలిస్తాడు. అది పైన, తను ఇంకా ఎక్కని వరసకి నడుము ఎత్తులో నిలుస్తుంది. అప్పుడు ఎక్కుతాడు. ఆ ఫ్రేమ్ లేకపోతే అడుగున్నర ఎత్తు స్టెప్పు ఒకటి పలక మీద పెట్టుకుని, దాని మీద నిలబడి పై వరస రెయిలు కింద నుంచే బిగిస్తాడు. విప్పేటప్పుడు ఇదే తిరగేసి. ముందు మనిషి దిగుతాడు, తర్వాత కింద నుంచి రెయిలు విప్పుతాడు. జపాన్‌లో 2003లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చారు. రెయిలు ముందు పెట్టే పద్ధతి అనే దానికి పేరు.

బెల్టు ఉంటే చాలదా సార్ అని మీకు అనిపిస్తుంది. చాలదు. ఎందుకు చాలదో లెక్క వేద్దాం, కాగితం పెన్నూ ఉన్నవాళ్లు రాసుకోండి. తాడు 1.8 మీటర్లు. తల పైన ఏమీ లేదు కాబట్టి హుక్కు కాళ్ల దగ్గరి పైపుకి వేశాడు. పడ్డాడు. తాడు పొడుగునా కిందికి, 1.8. ఊపు తగ్గించే ప్యాకెట్ చిరిగి సాగుతుంది, అది 1.75 దాకా సాగొచ్చు. వీపు మీద రింగు నుంచి పాదాల దాకా మనిషి ఒక 1.5. కూడండి. 5 మీటర్లు దాటింది. జాగ్రత్తకి ఇంకో మీటరు కలపండి. 6 మీటర్లు. మన పరంజాలో ఒక్కో వరస ఎంత? 2 మీటర్లు. అంటే మొదటి వరస మీద, రెండో వరస మీద ఉన్నవాడికి ఆ ప్యాకెట్ పూర్తిగా సాగేలోపే నేల తగులుతుంది. బెల్టు పెట్టుకున్నాడు, హుక్కు వేశాడు, అన్నీ చేశాడు. అయినా నేల మీద పడతాడు. ఈ లెక్క మీలో ఎంతమందికి ఎవరైనా చెప్పారు?

జపాన్ వాళ్లు ఈ లెక్కనే చట్టంలో పెట్టారు. 2022 జనవరి 2 నుంచి పాత నడుము బెల్టులు వాడకూడదన్నారు. 6.75 మీటర్లు దాటితే ఫుల్ బాడీ హార్నెస్, అంటే భుజాలనీ తొడలనీ కూడా పట్టే బెల్టు, తప్పనిసరి. అంతకంటే తక్కువ ఎత్తులో, నేల తగిలే ప్రమాదం ఉన్నచోట మాత్రం కొత్త ప్రమాణం ప్రకారం చేసిన నడుము రకానికి ఒప్పుకున్నారు. 2023 అక్టోబర్ నుంచి పరంజా తనిఖీ చేసే మనిషి ఎవరో ముందే నియమించి, పేరు రాసి పెట్టాలన్నారు. ఎవరో ఒకరు చూస్తారులే అనేది కుదరదు. 2024 ఏప్రిల్ నుంచి, మీటరు వెడల్పు చోటు ఉంటే రెండు వరసల నిలువులున్న పరంజానే కట్టాలి. మన దగ్గర ఒంటి వరస ఎంత మామూలో మీకు తెలుసు. ఒక పక్క సరుగుడు కర్రలు, రెండో కొస గోడలో కన్నం. చోటు ఉన్నా కర్రలు కలిసొస్తాయని ఒంటి వరసే కడతాం.

ఇంకో మార్పు త్వరగా చెప్పి ముందుకెళ్తాను. యూరప్‌లో 2003 నాటి ప్రమాణం ఈఎన్ 12811 పరంజాలని మోసే బరువుని బట్టి 6 తరగతులు చేసింది. చదరపు మీటరుకి సుమారు 75 కిలోల నుంచి 600 కిలోల దాకా. పెయింటు పనికి కట్టినదాని మీద ఇటుకలు పేర్చకూడదు. మన దగ్గర ఒకే పరంజా మీద ఈ వారం ఇటుక పని, వచ్చే వారం ప్లాస్టరింగ్, ఆ తర్వాత పెయింటు. సిమెంటు బస్తా 50 కిలోలు. మీటరు పలక మీద నాలుగు బస్తాలు, పక్కన ఇద్దరు మనుషులు. ఎంతయిందో మీరే చూసుకోండి.

ఇప్పుడు మన చట్టం. నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది, కేంద్ర నియమాలు 1998లో. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1996 చట్టం వృత్తి భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. భద్రతా ప్రమాణాలు ప్రకటించే అధికారం ఆ కోడ్ కేంద్రానికి ఇచ్చింది. అంటే పరంజాకి కొత్త ప్రమాణం రాయడానికి ఇదే సమయం. దాన్లో కట్టేవాడికి ముందే రెయిలు అనే మాట ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఇక్కడున్న ఇంజనీర్లు రాతపూర్వకంగా అడగాలి, నేనూ సంతకం పెడతాను.

ఒక్క విషయం మాత్రం నాకు బాధగా ఉంది. పాత చట్టంలో సొంత ఇల్లు 10 లక్షల లోపు ఖర్చుతో కట్టుకుంటే చట్టం వర్తించదు. కొత్త కోడ్‌లో ఆ హద్దు 50 లక్షలు. పదిమంది లోపు పనివాళ్లున్న పనులకి కూడా వర్తించదు. ధరలు పెరిగాయి, నిజమే. కానీ మన జిల్లాల్లో సరుగుడు కర్రలు, కొబ్బరి తాళ్లు కనిపించేది ఎక్కడ? ఆ ఇళ్ల దగ్గరే కదా? గాజువాకలో, మధురవాడలో, పెందుర్తిలో రెండంతస్తుల ఇల్లు కడుతుంటే, ముగ్గురు మనుషులు, ఒక మేస్త్రి. వాళ్లని చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. అక్కడ చట్టం లేదు కాబట్టి మేస్త్రి మాటే చట్టం. మేస్త్రి గారూ, అందుకే మిమ్మల్ని ముందు కూర్చోమన్నాను.

ఖర్చు సంగతి అడుగుతారు, తెలుసు. ఫ్రేమ్ కొనలేకపోతే ఆ స్టెప్పు మీ వెల్డరే చేసిపెడతాడు, స్క్రాప్ పైపు చాలు. కాళ్లు జారకుండా, ఊగకుండా ఉండాలి, దాని పని అంతే.

బయట ఆవరణలో మూడు వరసల పరంజా కట్టించి పెట్టాం, రెండో వరస దాకా రెయిలింగ్ ఉంది, మూడోది ఖాళీ. స్టెప్పు కూడా ఉంది. ఇక్కడ చేతులెత్తిన గల్ఫ్ తమ్ముళ్లలో ఇద్దరు రండి, స్పానర్లు అక్కడే ఉన్నాయి. మూడో వరస మీద కాలు పెట్టకుండా దానికి రెయిలు బిగించి చూపించండి. మిగతావాళ్లు దగ్గరికి రండి, హుక్కు ఎక్కడ వేస్తున్నారో చూడండి.